వేడెక్కడం ఇంజను ధర్మం

ఆ సోమవారం పొద్దున్న వేణుగోపాల్ పెట్టుకున్న పని చాలా చిన్నది. రోజూ లాగే టీచర్లను జీపులో ఊరవతల బెల్తరా బడికి వేళకు చేర్చాలి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు, ఈ హిందీ ఊళ్లో తెలుగు రైల్వేవాళ్లుండే తమ పేట తార్‌బహార్‌లో మెకానిక్ ఖేమ్‌లాల్ దగ్గర ఆగి, ఇంజను ఈమధ్య కాస్త ఎక్కువ వేడెక్కుతోందని చెప్పాలి. ఈ రెండో సంగతి ఇంట్లో చెప్పకుండా ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. చెప్పులు వేసుకుంటూ నోరు జారాడు.

"అమ్మా, సాయంత్రం లేటవుద్ది. ఇంజను హీటెక్కుతోంది, చూపించి వొస్తాను."

వరండాలో ఆదినారాయణ చదువుతున్న పేపరు మడిచాడు. రైల్వేలో డీజిల్ ఇంజన్లు నడిపి రిటైరైన మనిషి ఆయన. అంతంత పొడుగు గూడ్సు బళ్లను కొండలెక్కించిన చేతులు ఇప్పుడు కరివేపాకు మొక్కకు నీళ్లు పోస్తున్నాయి. ఇంట్లో ఇంజను అనే మాట వినపడి చాలా కాలమైంది.

"ఏ ఇంజను?" అన్నాడు, ఇంట్లో నాలుగైదు ఉన్నట్టు.

"మన జీపే నాన్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆదినారాయణ చొక్కా తొడుక్కుని వీధిలోకి వచ్చాడు. జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఇంజను స్టార్టు చెయ్యమన్నాడు. బానెట్ ఎత్తి చేతికర్ర ఒక కొస ఇంజనుకు, రెండో కొస చెవికి ఆనించి నిలబడ్డాడు. ఎదురింటి గుమ్మంలో ఒకరు, కుళాయి దగ్గర ఇద్దరు ఆగిపోయారు. పాలు పోయడానికొచ్చినవాడు కొలత గిన్నె చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వీధి మొత్తం ఆ కర్ర వంకే చూస్తోంది.

"ఏటైంది నాన్నా?"

"మాటాడకు. లోపల దగ్గుతోంది."

పాలవాడు అనుకోకుండా తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

సాయంత్రం ఖేమ్‌లాల్ చూశాడు. ఫ్యాను బెల్టు వదులైందన్నాడు, బిగించాడు, చేతులు తుడుచుకున్నాడు. "హో గయా భైయా. ఇక హీటెక్కదు."

ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే ఆదినారాయణ నవ్వాడు. "బెల్టా? అంత ఇంజనుకి జబ్బు బెల్టులో ఉంటుందేటిరా? నిలబెట్టి చూస్తే ఏటి తెలుస్తాది? రన్నింగులో వినాల. రేపట్నుంచి నేనూ వొస్తాను."

వేణుగోపాల్ కంగారు పడ్డాడు. నాన్నకు షుగరు. డాక్టరు చెప్పిన ప్రకారం మధ్యాహ్నం రెండు పుల్కాలు, కాకరకాయ కూర తప్ప ఇంకేమీ తినకూడదు. "సరే, పుల్కాలు డబ్బాలో తెచ్చుకో" అన్నాడు.

వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న వేణుగోపాల్ అమ్మ చిన్నతల్లి ముఖం వెలిగింది. ఆమె తండ్రి ఆవిరి ఇంజను డ్రైవరు. చిన్నప్పుడు షెడ్డులో చూసిన ఇంజను ఆమెకు ఇప్పటికీ కళ్లముందే ఉంటుంది. కొండంత నల్లని వొళ్లు, పొట్ట నిండా నిప్పు, నిలబడ్డప్పుడు కూడా ఊపిరి తీసే బండి. ఆ నిప్పును తండ్రి ఆమెను ఎత్తుకుని చూపిస్తే ఆమెకు దండం పెట్టాలనిపించింది, పెట్టింది కూడా. డ్యూటీకి వెళ్లే మనిషికి మళ్లీ కారియర్ సర్దే రోజు వస్తుందని ఆమె అనుకోలేదు.

"అయినా వేడెక్కుతోందని ఏడుస్తారేటిరా?" అంది. "వేడెక్కకపోతే అదేటి ఇంజను? మా నాన్న ఇంజను చల్లబడిపోనాదని ఏడిసీవోడు గాని, వేడెక్కినాదని ఏనాడూ ఏడవలేదు."

ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకుని ఉండాల్సింది.

మంగళవారం తెల్లారేసరికి చిన్నతల్లి బానెట్ ఎత్తి ఇంజనుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, అగరొత్తి తిప్పింది. ఆదినారాయణ ముందు సీట్లో నిటారుగా కూర్చున్నాడు. దారిలో కుదుదండ్ పేటలో టీచర్లు ఎక్కారు. వాళ్లందరికీ పెద్ద దిక్కు రాజశ్రీ టీచరు. ఈమె కూడా తార్‌బహార్ రైల్వే తెలుగింటి పిల్లే, పెళ్లయ్యాక కుదుదండ్ వెళ్లింది. లెక్కలు చెబుతుంది, తప్పులు క్షమించదు. ముందు సీట్లో పెద్దాయన ఎందుకున్నాడో అడిగింది. "ఇంజను సంగతి చూడటానికి" అని తెలిసి గౌరవంగా తల వంచింది.

బెల్తరా ఇంకా కాస్త దూరం ఉందనగా, కల్వర్టు దగ్గర, ఇంజను వేడి చూపే ముల్లు ఎరుపులోకి పోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. వేణుగోపాల్ బ్రేకు వేసి దిగబోయాడు.

"ఎవరూ దగ్గరికి రావద్దు!" అన్నాడు ఆదినారాయణ. "వేడి మీదున్న ఇంజను పులి లాటిది."

ఆయనొక్కడే వెళ్లాడు. బానెట్ ఎత్తాడు. భుజం మీది తువ్వాలు తీసి లోపల ఎడమ పక్కన పరిచాడు. ఆవిరి మధ్య తెల్లజుట్టుతో కదలకుండా నిలబడ్డాడు. టీచర్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చూశారు. యజ్ఞగుండం దగ్గర ఋషిలా ఉన్నాడని ఒకామె అంది. ఎక్కడినుంచో తియ్యగా ఒక వాసన వచ్చింది. అది కూడా ఆ దృశ్యానికి తగినట్టే ఉంది.

ఇంజను చల్లారాక ఆయనే నీళ్లు పోశాడు, బయల్దేరారు. ఆ రోజు ప్రార్థనకు ఆలస్యమైంది. మధ్యాహ్నం వేణుగోపాల్ మిగతా డ్రైవర్లతో టీ కొట్టు దగ్గర పడుకుంటే, ఆదినారాయణ ఒక్కడే బడి వెనక నీడలో జీపు నిలిపించుకుని "చెకింగు" చేశాడు. ఆ వేళలో ఎవరినీ రానివ్వలేదు. చెకింగు ముగించి వచ్చినప్పుడు ఆయన ముఖంలో ఒక నిండుతనం, కళ్లలో ఒక మత్తు ఉన్నాయి. పుల్కాలు మాత్రం డబ్బాలో అలాగే ఉన్నాయి.

"తినలేదేం నాన్నా?"

"ఇంజను గురించి ఆలోచిస్తుంటే ఆకలెక్కడిదిరా?"

వేణుగోపాల్‌కు కళ్లు చెమ్మగిల్లాయి.

సాయంత్రం బండి ఆగుతూ ఆగుతూ ఇల్లు చేరగానే చిన్నతల్లి దిష్టి తీస్తానని బండి దగ్గరికి వెళ్లింది. ఆ తర్వాతే జీపు ఖేమ్‌లాల్ దగ్గరికి వెళ్లింది. అతను గంటసేపు ఇంజను నడిపి చూశాడు. ముల్లు మధ్యలోంచి కదల్లేదు.

"భైయా, ఏమీ లేదు ఇందులో."

"దారిలో ఆవిరి చిమ్మింది, ఒట్టు, కసమ్ సే!"

బుధవారం మళ్లీ అదే కల్వర్టు. సాయంత్రం ఖేమ్‌లాల్ రేడియేటర్ ఊడదీసి కడిగాడు. గురువారం అదే కల్వర్టు. నీళ్లు తిప్పే పంపు మార్చాడు. శుక్రవారం కల్వర్టు మీద కూర్చునే మేకలు జీపును దూరం నుంచి చూసి లేచి చోటిచ్చాయి. దారిలో జబ్బు, మెకానిక్ దగ్గర ఆరోగ్యం. ఖేమ్‌లాల్‌కు తన విద్య మీదే అనుమానం వచ్చింది. పోటీకొచ్చిన ఇంకో మెకానిక్ మంత్రం వేయించాడేమో అని కూడా అనుకున్నాడు.

ఇంట్లో మాత్రం ప్రతి సాయంత్రం చిన్నతల్లి అదే ప్రశ్న వేసేది. "ఈయేళ ఎలాగుందిరా ఇంజను?"

"మండిపోతోందమ్మా."

"చల్లగా బతకనీ. బంగారం లాటి ఇంజను" అని దండం పెట్టేది.

శనివారం రాజశ్రీ టీచరు జీపు దిగి తలుపు వేయకుండా నిలబడింది. "వేణూ భయ్యా, తార్‌బహార్ వాళ్లవని ఇన్ని రోజులు చూశాం. రోజూ లేటు, రోజూ మాట పడుతున్నాం. సోమవారం గనక ప్రార్థన గంటకి లోపలుండకపోతే, అంతే, ఇక బస్. వేరే బండి మాట్లాడేశాం."

ఈ టీచర్లే వేణుగోపాల్ బతుకుతెరువు. వాళ్లు దిగిపోతే జీపు ఇంటి ముందు నిలబడి ఉంటుంది, దాని పక్కన అతను నిలబడి ఉంటాడు.

ఆదివారం ఆదినారాయణ తన పాత స్నేహితుడు రాంప్రసాద్‌ని పిలిచాడు. రాంప్రసాద్ ఎలక్ట్రిక్ షెడ్డులో పనిచేసి రిటైరయ్యాడు. డీజిల్ వాళ్లంటే అతనికి మొదట్నుంచీ జాలి.

"బావా, కర్ర చెవిలో పెట్టుకుని వింటే రోగం తెలుస్తాదేటి? నువ్వేటి సంగీతం మాస్టారివా? కొలవాల" అంటూ సంచిలోంచి కరోనా రోజుల్లో కొన్న థర్మామీటరు తీశాడు. నుదుటికి గురిపెట్టి నొక్కేది. అది బానెట్‌కు గురిపెట్టి నొక్కాడు. అది ఎర్రగా వెలిగి కీచుమని అరిచింది.

వీధి మొత్తం ఒక అడుగు వెనక్కి వేసింది. "చూసినావా? దీన్ని అసలు బయటికే పంపకూడదు" అన్నాడు రాంప్రసాద్. జీపు ఎండలో నిలబెట్టి ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

సోమవారం రాంప్రసాద్ కూడా ఎక్కాడు. వదిలిపెడితే తన పరువు పోతుందని ఖేమ్‌లాల్ కూడా ఎక్కి, చోటు లేక వెనక మెట్టు మీద వేలాడాడు. బండిలో టీచర్లకంటే వైద్యులే ఎక్కువ గాలి పీలుస్తున్నారు. ఇద్దరు పెద్దమనుషులు డ్యూటీకి వెళ్తున్నారు కదా అని, చిన్నతల్లి ఆ తెల్లవారుజామున బండి పూజ ఇంకాసేపు చేసింది.

కల్వర్టు వచ్చింది. రాంప్రసాద్ థర్మామీటరు ఎత్తిపట్టుకున్నాడు. జీపు కల్వర్టు దాటింది. వేణుగోపాల్ స్టీరింగుకు దండం పెట్టబోయాడు. బడి పెంకులు కనిపిస్తుండగా లోపల ఏదో బుస్సుమంది, తెల్లటి ఆవిరి అద్దాన్ని కప్పేసింది, జీపు ఒకసారి ఎగిరి ఆగిపోయింది. అంతవరకు ఎప్పుడూ అంత ఆవిరి రాలేదు. దారిన పోయే సైకిలాయన దిగి తలపాగా తీశాడు.

తియ్యటి వాసన ఈసారి రోడ్డంతా నిండిపోయింది.

ఖేమ్‌లాల్ ముక్కు ఎగరేశాడు. అతని ముఖం పాలిపోయింది. "మీఠీ బాస్! భైయా, ఇన్నాళ్లూ ఈ వాసన సంగతి నాకెందుకు చెప్పలేదు? ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ కాలితే ఇలాగే తియ్యగా వాసనొస్తుంది. లోపల పగిలిపోయింది. ఇంజను మొత్తం విప్పాలి. బండి మళ్లీ ఎప్పుడు రోడ్డెక్కుతుందో భగవాన్ జానే."

వేణుగోపాల్ రోడ్డు పక్క రాయి మీద కూర్చుండిపోయాడు. రాజశ్రీ టీచరు ఒక్క నిమిషం అతని వంక చూసింది. ఆ తర్వాత ఫోన్ తీసి, కొత్త జీపువాడి నంబరు వెతకసాగింది. అటు తిరిగి ఆదినారాయణ మెల్లగా బానెట్ ఎత్తి, అలవాటుగా తువ్వాలు ఎడమ పక్కన పరిచాడు.

గాలి తిరిగింది. రాజశ్రీ వేలు ఫోన్ మీద ఆగిపోయింది. ముక్కుతో ఒకసారి పీల్చింది. కళ్లు మూసుకుని ఇంకోసారి పీల్చింది.

"ఖేమ్‌లాల్ భయ్యా, మీ కూలెంట్‌లో ఇంగువ వేస్తారా?"

"జీ?"

"ఇంగువ. హింగ్. బెల్లం కూడా ఉంది. చింతపండు కూడా..." ఆమె బానెట్ వైపు నడిచింది.

"అమ్మా, దగ్గరికి రావద్దు! పులి లాటిది..." అన్నాడు ఆదినారాయణ, తువ్వాలుకు అడ్డుపడుతూ.

"పులి కాదు బాబాయిగారూ, పులుసు."

ఆమె తువ్వాలు కొస పట్టుకుని లాగింది. కింద, పొగ గొట్టం పక్కన ఖాళీ గూట్లో, చీర అంచుతో గట్టిగా కట్టిన నాలుగు గిన్నెల కారియర్ బుసలు కొడుతూ కూర్చుని ఉంది. మూత పక్కనుంచి పొంగిన పులుసు ఇంజను మీదికి కారి మాడుతోంది. ఆ మరక మధ్యలో, వేడికి ముడుచుకుని, ఒక కరివేపాకు అంటుకుని ఉంది.

ఖేమ్‌లాల్ ఆ ఆకును గోటితో తీసి వెలుగుకు పట్టుకుని చూశాడు. ఇన్నేళ్లలో అతను ఇంజన్లలోంచి చచ్చిన ఎలుకను తీశాడు, పాము కుబుసాన్ని తీశాడు. "ఇంజన్ మే కఢీపత్తా" అన్నాడు, భక్తిగా.

"నాన్నా!" అన్నాడు వేణుగోపాల్.

ఆదినారాయణ ఆకాశం వంక చూశాడు. "మీ అమ్మే పెట్టింది. గుమ్మడికాయ పులుసు. మొదటిరోజు వొద్దన్నాను..." ఆగాడు. "గట్టిగా వొద్దనలేదు. డీజిల్‌కి రాకముందు, బొగ్గేసే రోజుల్లో ఆవిరి ఇంజను మీద అందరం కారియర్ పెట్టుకునేవాళ్లమే కదేటి. అన్నం గిన్నెకి ఇంజను ఆగిపోద్దని ఎవడనుకుంటాడు?"

"ఆగదు" అన్నాడు ఖేమ్‌లాల్, ముందుకు వంగి. "గిన్నెకి ఆగదు బాబూజీ. కానీ ఇదేంటి?"

ముందు జాలీకి, రేడియేటర్‌కు మధ్య సందులో నల్లగా మందంగా ఏదో ఉంది. రెండు చేతులతో పట్టి లాగాడు. అది వస్తూనే ఉంది. పాతకాలం రైల్వే కంబళి, నీటుగా నాలుగు మడతలు వేసి, చుట్టూ దారంతో కుట్టినది. రేడియేటర్ వెడల్పుకు కొలత తీసినట్టు సరిపోయింది. గాలి అనేది ఆ దారిన పోవడానికి లేదు.

రాంప్రసాద్ థర్మామీటరు దించేశాడు. "బావా, నువ్వు వారం రోజులు బానెట్ ఎత్తి చూస్తున్నావు. ఇది కనపళ్లేదేటి?"

"కనపడింది" అన్నాడు ఆదినారాయణ. "కంపెనీవాళ్లు వేసిన రబ్బరు అనుకున్నాను."

వేణుగోపాల్ ఇంటికి ఫోన్ చేశాడు. అందరూ వినేలా స్పీకరు పెట్టాడు.

"అమ్మా! ఇంజను ముందు కంబళి ఎవరు పెట్టారు?"

"నేనే నాయనా. మా నాన్నది. ఏటి, జారిపోనాదా?"

"ఎందుకు పెట్టావు?"

"ఎదురుగాలి కొడితే అన్నం చల్లారిపోదేటి? రోజూ పొద్దున్న పెడతన్నాను, సాయంత్రం కారియర్‌తో పాటు తీసి ఎండేస్తన్నాను. ఈయేళ రాంప్రసాద్ బాబు కూడా ఉన్నాడని ఇంకో మడత కుట్టినాను."

"అమ్మా, ఇంజను వేడెక్కిపోతోందని నీకు వారం నుంచి చెప్తున్నాను కదా!"

"చెప్పినావు. నేను రోజూ దండం పెడతన్నాను కదా." ఫోన్లో గిన్నె చప్పుడైంది. "అన్నం వేడిగా ఉందా?"

ఖేమ్‌లాల్ కంబళి కింద పెట్టబోయి, మనసొప్పక, మడిచి సీటు మీద పెట్టాడు. "బెల్టు బిగించిన రోజే బండి బాగైపోయింది భైయా" అన్నాడు. "ఆ తర్వాతది రోగం కాదు. చూడ్డానికొచ్చిన డాక్టరుగారి భోజనం."

కారియర్ విప్పారు. చీర అంచు ముడి వీడగానే లోపలినుంచి లేచిన ఆవిరిని చూసి టీచర్లు "అరే!" అన్నారు. పొయ్యి మీద నుంచి ఆ క్షణమే దించినట్టుంది అన్నం. ఆదినారాయణ రెండు మెతుకులు వేళ్ల మధ్య నలిపి చూశాడు. రాంప్రసాద్ కొంచెం నోట్లో పెట్టుకున్నాడు. ఎలక్ట్రిక్ వాళ్లకు మీటర్లుంటాయని జీవితమంతా చెప్పుకున్న మనిషి, థర్మామీటరు జేబులో పెట్టేసుకుని, రెండో ముద్దకు చెయ్యి చాచాడు.

"మా నాన్న ఇంజను డ్యూటీ దిగొస్తే ఒంట్లోంచి ఈ వాసనే వొచ్చేది" అన్నాడు. "బొగ్గు వాసన కలిపి."

రాజశ్రీ టీచరు గుమ్మడికాయ ముక్క ఒకటి తీసుకుని నోట్లో వేసుకుంది. లెక్కల టీచరు కళ్లలో నీళ్లు ఎవరూ ఎప్పుడూ చూడలేదు, ఆ రోజూ చూశామని ఎవరూ ఒప్పుకోరు. "మా అమ్మమ్మ ఇలాగే చేసేది" అంది, ఇంకో ముక్క తీసుకుంటూ. "మేం రోజూ చల్లటి డబ్బాలు తింటున్నాం. తెలుసా భయ్యా? రోటీ అట్టముక్కలా అయిపోతుంది."

దూరంగా బడిలో గంట మోగింది. టీచర్లందరూ చీరలు ఎత్తి పట్టుకుని పరుగు తీశారు. ప్రార్థన మొదటి మాట అందుకున్నారు, చేతులకు పులుసుతోనే.

వేణుగోపాల్ సాయంత్రం వరకు అన్నం ముట్టలేదు. బడి వదిలాక రాజశ్రీ టీచరు వచ్చి జీపు ముందు నిలబడింది. చేతిలో సంచి ఉంది. లోపల ఖాళీ డబ్బాలు గలగలమన్నాయి.

"వేరే బండివాడితో మాట్లాడాను" అంది.

వేణుగోపాల్ తల వంచుకున్నాడు.

"అతని ఇంజను చూపించమన్నాను. కొత్త మోడల్. అంతా ప్లాస్టిక్ మూతలే. ఒక్క డబ్బా పెట్టడానికి కూడా జాగా లేదు." సంచి సీటు మీద పెట్టింది. "రేపట్నుంచి మా డబ్బాలన్నీ ఆ గొట్టం పక్కనే. కంబళి మాత్రం వద్దని పిన్నిగారికి చెప్పు."

ఖేమ్‌లాల్ మంగళవారం ఆ గూట్లో ఇనప చట్రం ఒకటి బిగించాడు, డబ్బాలు కదలకుండా. తార్‌బహార్‌లో ఇప్పుడు అతని కొట్టు ముందు అలాటి చట్రం కోసం మరో రెండు జీపులు నిలబడి ఉన్నాయి. ఆదినారాయణకు మళ్లీ పుల్కాలే. వేడివేడి పుల్కాలు. డ్యూటీ మాత్రం మానలేదు. రోజూ ముందు సీట్లో కూర్చుని, టీచర్లు చూస్తుండగా బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. వాళ్లు ఇప్పటికీ మాటలాపి నిలబడతారు.

కల్వర్టు మీద మేకలు లేవడం మానేశాయి. ముల్లు మధ్యలోంచి కదలడం లేదు. ఆ వారం చివర చిన్నతల్లి, తిరిగొచ్చిన డబ్బాలు కడుగుతూ, ఈయేళ కూర ఎలాగుందని మొగుణ్ని అడిగింది. గోరువెచ్చగా ఉందని చెప్పాడాయన.

ఆమె కడగడం ఆపి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, వీధిలోకి వెళ్లి జీపు బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది.

"ఒరే వేణూ, ఇంజనులో ఏదో లోపముందిరా. రేపు ఖేమ్‌లాల్‌కి చూపించు."